నలభై ముళ్లపొదల సంరక్షణ

కోస్గి సభలో మంత్రిగారు మైకు పట్టుకుని ప్రకటించారు: "దేశంల యాడ లేని ముళ్లపొద నా నియోజకవర్గంలనే పూస్తాంది. పోయిన సర్కారుకు గిది చేతనైందా?" కాలేదని చప్పట్లు కొట్టాం. పొద పేరు లాటిన్‌లో ఉంది. మంత్రిగారు రెండుసార్లు పలకబోయి, మూడోసారి "మన పొద" అనేశారు. ఇంత వినయం గల నాయకుడు మాకు దొరకడం అదృష్టం.

ఆ పొదలు మొత్తం నలభై. అన్నీ మా ఊరి నర్సింగమ్మ చేని గట్టు మీదే. అడవిపందులు పల్లీచేన్లో పడకుండా ఆమె అత్త పెంచిన కంచె అది.

రేంజ్ ఆఫీసర్ విజేందర్ సార్ ఫైలుతో దిగాడు.

"ఏమమ్మా, నీ ఎకరం సంరక్షణ జోన్ల పడ్డది. ఇగ దున్నొద్దు."

"చెట్లు కావాల్నంటే తవ్వుకపోండ్రి సారూ. జాగ ఇడిసిపెట్టుండ్రి. నాకున్నదే గీ ఎకరం."

"మొక్క యాడుంటే జోన్ ఆడనే. రూల్."

సోమవారం మంత్రిగారొచ్చి, జోన్ నడుమ అదే జాతిదని నర్సరీ నుంచి తెప్పించిన మొక్కను నాటాలి. మేకలు తింటే? ఇనుప కంచెకు టెండర్ పిలిచే టైం లేదు. "రెండు దినాల్ల సుట్టూ కంచె గావాలె" అని సార్ కాంట్రాక్టర్ పరశురాములుకు ఫోన్ కొట్టాడు. మా దిక్కు కంచె అంటే దగ్గర్లో ఉన్న ముళ్లకంప కొట్టి పేర్చడమే. పరశురాములు మాట తప్పే మనిషి కాదు. ఆదివారం మాపటికే పని పూర్తి.

మంత్రిగారు మొక్క నాటి, కంచె చూసి మురిసిపోయారు.

"ఏం ముల్లయ్యా! కోడిపిల్ల గూడ దూరది. యాడికెల్లి తెచ్చినవ్?"

"యాడికో ఎందుకు సార్, గీ గట్టు మీదనే కొట్టిన. నలభై పొదలు. ఒక్కటిడిసిపెట్టలె."

విజేందర్ సార్ ఫైలుతో ముఖానికి విసురుకున్నాడు. మంత్రిగారు మాత్రం తొణకలేదు.

"అయితేంది? నేను నాటింది ఉన్నది గదా!"

నర్సింగమ్మ వంగి, ఆకు నలిపి చూసింది.

"గిది రేగుచెట్టు సారూ. పండ్లు మంచిగుంటయి."

పొదలు లేవు కాబట్టి వారంలో జోన్ రద్దయింది. ఎకరం నర్సింగమ్మకే మిగిలింది. అరుదైన మొక్కను కాపాడినందుకు విజేందర్ సార్‌కు ప్రశంసాపత్రం ఇచ్చారు. నేనూ చప్పట్లు కొట్టొచ్చాను.

మొదటి వాన పడ్డాక అటుగా పోతుంటే, నర్సింగమ్మ గట్టు మీద వంగి మోళ్లకు ఎండుగడ్డి కప్పుతోంది. నన్ను చూసి ఉలిక్కిపడింది. గడ్డి సందులో పచ్చని చిగురు, దానికి లేత ముల్లు.

"ఏందక్కా అది?"

"ఏం లేదు తమ్మీ, గడ్డి." చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నీకు దండం పెడత, సర్కారోళ్లకు చెప్పకు. మల్ల కాపాడనీకె వస్తరు."