మైనస్‌లో పడ్డ మాట

ఇకమీదట మంచి మాట దానంతటదే పైకి వస్తుందనీ, చెడ్డ మాట దానంతటదే కిందికి పోతుందనీ, ప్రజల నోటికి ఇంత గౌరవం ఇచ్చిన ప్రభుత్వం భూమండలంలో మరొకటి లేదనీ ప్రజాస్పందన శాఖామాత్యులు అప్పాజీగారు రాజమండ్రి సభలో ప్రకటించారు. అది రెండువేల అయిదు, వేసవి.

వేదిక మీద చివరి కుర్చీలో కూర్చున్న విశ్వనాథ్‌కి ఒళ్లు పులకరించింది. మండపేట ప్రభుత్వ కాలేజీలో ఇంటర్ పిల్లలకి కంప్యూటర్ పాఠాలు చెప్పే లెక్చరరు అతను. మంత్రిగారు ప్రారంభించిన ‘గోదావరి గొంతు’ వెబ్‌సైటు అతను తయారుచేసిందే. అందులో ఎవరైనా ఊరి కష్టసుఖాలు రాయవచ్చు. చదివినవాళ్లు నచ్చితే ప్లస్ నొక్కుతారు, నచ్చకపోతే మైనస్. ప్లస్సులు ఎక్కువ వచ్చిన మాట పేజీ నెత్తిన కూర్చుంటుంది. మైనస్సులు మితిమీరితే మాట మాయమవుతుంది. వచ్చిన ప్లస్సులూ మైనస్సులూ రాసినవాళ్ల పేరు మీద ‘పరపతి’గా జమవుతాయి. పైనున్న మాటలు రోజూ ముఖ్యమంత్రిగారి పేషీకి వెళతాయి. మిల్లు ఓనరుకైనా, మిల్లులో బస్తాలు మోసేవాడికైనా ఒకటే నొక్కుడు. ఇంతకు మించిన న్యాయం ఉండదని విశ్వనాథ్ మనస్ఫూర్తిగా నమ్మాడు.

మంత్రిగారు ఒక వేలితో ‘అందరికీ నమస్కారం’ అని టైపు చేశారు. ఆ నమస్కారం వెళ్లి పేజీ అడుగున, రావులపాలెంలో తప్పిపోయిన గేదె ప్రకటన కింద పడింది.

“అదేంటయ్యా, నేను గేదె కిందున్నాను?”

“కొత్తగా చేరినోళ్లకి మొదట సున్నాయేనండి. గేదెగలాయనకి ఆరు ప్లస్సులొచ్చాయండి.”

“నేను మూడుసార్లు గెలిచాను.”

“అవి ఇందులోకి రావండి.”

మంత్రిగారి వెనకాల నిలబడ్డ గణేష్‌బాబు ముందుకు వంగాడు. మండపేటలో నెట్ సెంటరు, పార్టీలో యువజన విభాగం, రెండూ అతనివే. “తమరు దిగులు పడకండి. గేదె సంగతి నేను చూసుకుంటానండి,” అన్నాడు.

చూసుకున్నాడు. డిగ్రీలు పాసై ఖాళీగా ఉన్న కుర్రాళ్లని షిఫ్టులవారీగా కూర్చోబెట్టి, మనిషికి పాతిక దొంగ పేర్లిచ్చి, మధ్యాహ్నం బిర్యానీ పెట్టించాడు. నిరుద్యోగ సమస్యను ఇంత సూటిగా ఎదుర్కొన్న నాయకుడు ఆ జిల్లాలో ఇంకొకరు లేరు. వారం తిరిగేసరికి మంత్రిగారు గేదెనే కాదు, ఆలమూరు హెడ్మాస్టరునీ, వాతావరణ సూచననీ కూడా దాటేశారు.

జూన్‌లో వీరవేణి విశ్వనాథ్ ఇంటికొచ్చింది. మండపేటకు ఆనుకుని ఉన్న పల్లెలో మూడెకరాల వరి రైతు. భర్త పోయాక వ్యవసాయం తనే చూసుకుంటోంది.

“మాస్టారూ, మా మురుగు కాలవ నిండా గుర్రపుడెక్క పట్టేసిందండి. వానలు పడ్డాయంటే నారుమళ్లు కుళ్లిపోతాయి. మీ మిషన్లో రాస్తే పైవాళ్లు చూస్తారంటగా.”

విశ్వనాథ్ ఉత్సాహంగా ఆమె పేరుతోనే రాశాడు: ‘మా కాలవలో పూడిక తీయలేదు. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ రాలేదు.’ సాయంత్రానికి ఆ మాట మాయమైంది.

అతను నేరుగా నెట్ సెంటరుకి వెళ్లాడు. గణేష్‌బాబు మర్యాదగా కుర్చీ వేయించి, కూల్‌డ్రింకు తెప్పించాడు.

“మావాళ్లకి అంతా చదివే తీరికెక్కడిదండీ. ‘ధన్యవాదాలు’ కనపడితే ప్లస్సు. ‘లేదు’ కనపడితే మైనస్సు. ఆవిడగారు రెండు లేదులు రాశారు.”

“చదవకుండా మార్కులేస్తారా?”

“పబ్లిక్ పరీక్షల పేపర్లు మీరెలా దిద్దుతారండీ?”

విశ్వనాథ్ కూల్‌డ్రింకు ముట్టకుండా లేచాడు. ఇంటికెళ్లి, ఈ పద్ధతిలో న్యాయం లేదని తన పేరుతోనే సైటులో రాశాడు. మర్నాటికి అతని పరపతి మైనస్ నలభై అయింది. సైటును మార్చే పాస్‌వర్డు ఇంకా అతని చేతిలోనే ఉంది. కాని ప్రజాభిప్రాయాన్ని ముట్టుకున్న ఉద్యోగిని సస్పెండ్ చేయాలని మంత్రిగారు అప్పటికే జీవో తెచ్చారు.

మబ్బులు పట్టిన రోజున వీరవేణి మళ్లీ వచ్చింది. జరిగింది చెప్పడానికి విశ్వనాథ్‌కి తల కొట్టేసినట్టయింది. ఆమె అంతా వింది.

“అయితే ధన్యవాదాలని రాయండి.”

“తవ్వని కాలవకా? అబద్ధం కదమ్మా.”

“నిజం రాస్తే మీ మిషను మింగేసిందిగా, మాస్టారూ. అబద్ధం ఏం చేస్తుందో చూద్దాం.”

విశ్వనాథ్ చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. మునగబోయేది తన నారు కాదని గుర్తొచ్చి, రాశాడు: ‘మంత్రిగారికి ధన్యవాదాలు. మా కాలవ అద్దంలా బాగు చేయించారు. గురువారం స్వయంగా చూడడానికి వస్తున్నందుకు మరీమరీ ధన్యవాదాలు.’

మధ్యాహ్నానికి ఆ మాట పేజీ నెత్తికెక్కింది. ముఖ్యమంత్రిగారి పేషీ నుంచి ఫోను: సీఎంగారు చాలా సంతోషించారు, గురువారం ఫోటోలు పంపండి. అప్పాజీగారు తాను ఏ కాలవ బాగు చేయించారో కనుక్కోవడానికి ముగ్గురు ఇంజనీర్లను పురమాయించారు. బుధవారం పొద్దున్నే పూడిక తీసే ప్రొక్లెయిన్లు రెండు దిగాయి. గురువారం మంత్రిగారు గట్టు మీద నిలబడి, ఈ కాలవ చిన్నప్పట్నుంచీ తన కలల్లోకి వస్తుండేదని విలేకరులకు చెప్పారు. శుక్రవారం కుండపోత వాన. వీరవేణి నారు బతికింది.

ఈ కిటుకు డెల్టా అంతా పాకిపోయింది. లేని వంతెనకు ధన్యవాదాలు, రాని ట్రాన్స్‌ఫార్మరుకు ధన్యవాదాలు. ఇంజనీర్లు ఒక ధన్యవాదం నుంచి ఇంకో ధన్యవాదానికి పరిగెత్తలేక మంచం పట్టారు. అప్పుడు అప్పాజీగారి పరిపాలనాదక్షత బయటపడింది. ప్రజలు ధన్యవాదాలు చెప్పిన పనిని పూర్తయినట్టే లెక్కవేసి, ఫైలు మూసేయమన్నారు. వంతెనలు ఒక్క సంతకంతో పూర్తయిపోయాయి.

విశ్వనాథ్ ఉండబట్టలేక రాజమండ్రి గెస్ట్‌హౌసుకు వెళ్లాడు.

“ఆ పనులేవీ జరగలేదండి.”

“జరిగాయని ప్రజలే అంటున్నారు కదయ్యా. వాళ్లకంటే నీకెక్కువ తెలుసా? నీ పరపతెంత?”

“మైనస్ నలభై అండి.”

“చూశావా,” అన్నారు మంత్రిగారు జాలిగా.

ఆదివారం పొద్దున విశ్వనాథ్ సైటు తెరిచేసరికి నెత్తిన కొత్త మాట ఉంది. ‘మంత్రిగారికి ధన్యవాదాలు. యువతకు దారి ఇవ్వడానికి పదవికి రాజీనామా చేసిన త్యాగమూర్తికి ధన్యవాదాలు, ధన్యవాదాలు.’ రాసింది వీరవేణి కాదు. యానాం నుంచి ఎవరో. మూడు ధన్యవాదాలు ఉండటంతో కుర్రాళ్లు ప్రత్యేక శ్రద్ధతో నొక్కినట్టున్నారు. విశ్వనాథ్ దాన్ని రెండుసార్లు చదివాడు. పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్లాడు. జీవో గుర్తొచ్చి బయటికి వచ్చి, భార్యని ఇంకో కాఫీ అడిగాడు.

సాయంత్రం నాలుగింటికి, ప్రజాభిప్రాయానికి తలవంచి అప్పాజీగారి రాజీనామాను ఆమోదించి, ఆయన స్థానంలో కొత్త మంత్రిని వేసినట్టు ముఖ్యమంత్రిగారు టీవీలో ప్రకటించారు. ఆ గొంతులో బాధ వినిపించింది.

గంటలో అప్పాజీగారి నుంచి కబురొచ్చింది. విశ్వనాథ్ నెట్ సెంటరుకి వెళ్లేసరికి ఆయన ఒక క్యాబిన్‌లో ఇరుక్కుని, స్వయంగా టైపు చేస్తున్నారు.

‘నేను రాజీనామా చేయలేదు. ఎవరికీ లేఖ ఇవ్వలేదు. ఇందులో నిజం లేదు.’

నొక్కారు. చుట్టూ క్యాబిన్లలో టకటకమని మౌసుల చప్పుడు. ఆయన చూస్తుండగానే ఆ మాట సగం పేజీ జారింది, అడుగుకి పోయింది, ఇక కనపడలేదు.

“మాస్టారూ, మీరే కదా తయారుచేసింది. దాన్ని పైకి తీసుకురండి,” అన్నారాయన. అప్పాజీగారు తనని ‘మీరు’ అనడం విశ్వనాథ్ వినడం అదే మొదలు.

“ముట్టుకుంటే సస్పెన్షన్ అండి.”

అప్పాజీగారు తలుపు తీసి కేకేశారు. “గణేష్‌బాబూ, మనవాళ్లని ఆపవయ్యా.”

గణేష్‌బాబు తెర మీంచి కళ్లు తిప్పలేదు.

“ఒక్క పావుగంట కూర్చోండి సార్. కొత్త మంత్రిగారు ఇంకా సున్నాలోనే ఉన్నారు.”