ఇంకో సముద్రం కోసం ఐదు గంటలు

కుటుంబ సమేతంగా విహారయాత్రకు వెళ్ళని మగవాడు సగం మనిషి! ఈ మాట నేను ఊరికే అనడం లేదు. నాలుగేళ్ళుగా ప్రతి డిసెంబర్ ముప్ఫై ఒకటిన మా ఇంటివాళ్ళు నన్ను కారెక్కించి పూర్తి మనిషిని చేస్తున్నారు. నడుం నొప్పి కూడా పూర్తిగానే వచ్చింది.

మా ఇల్లు అలెగ్జాండ్రియాలో, ఇబ్రహీమియా పేటలో, నాలుగో అంతస్తులో. బాల్కనీలో నిలబడి కాస్త మెడ చాపితే సముద్రం కనిపిస్తుంది. చెప్పులేసుకుని దిగితే చేతిలో టీ చల్లారేలోగా ఒడ్డు చేరుకుంటాం. ఇలాంటి ఇంట్లో ఉండేవాళ్ళు సముద్రం చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి? ఐదు గంటల దూరంలో ఉన్న ఇంకో సముద్రానికి! లేకపోతే మన సముద్రం విలువ మనకెలా తెలుస్తుంది?

ఆ దూరదృష్టి మా ఆవిడ దౌలత్‌ది. నాలుగేళ్ళ కిందట ఎర్ర సముద్రం ఒడ్డున ఐన్ సొఖ్నాలో ఒక రిసార్టులో మా చేత ఒక వారం కొనిపించింది. ఇల్లు కాదు, గది కాదు, వారం! ఏటా ముప్ఫై ఒకటి మొదలు ఏడు రోజులు ఆ గది మాది, మిగతా రోజులు ఎవరెవరిదో. వెళ్ళకపోతే ఆ వారం మురిగిపోతుందట. పాలు మురుగుతాయని తెలుసు గానీ, వారం మురుగుతుందని నాకు యాభై నాలుగేళ్ళ వయసులో తెలిసింది. విహారయాత్రలు విజ్ఞానదాయకం అని పెద్దలు అన్నది ఇందుకే కాబోలు.

ఇక ఆరోగ్యం మాటకొస్తే, ఏడు రోజులకు తొమ్మిది సూట్‌కేసులు. వాటిలో ఒకటి నిండా మా అబ్బాయి బాసిల్ పరీక్ష పుస్తకాలు. నాలుగేళ్ళుగా ఆ పుస్తకాలు ఎర్ర సముద్రం గాలి పీల్చి వస్తున్నాయి, ఒక్కసారీ సూట్‌కేసు దాటి బయటికి రాలేదు. వాటిని నాలుగు అంతస్తులు దించేది నేనే, మళ్ళీ ఎక్కించేదీ నేనే. ఏ వ్యాయామశాల ఇంత మేలు చేస్తుంది చెప్పండి?

కుటుంబ బంధాలూ బలపడతాయి! రిసార్టులో కాలు పెట్టగానే పిల్లలు అడిగేది సముద్రం ఎటువైపని కాదు, వైఫై పాస్‌వర్డ్ ఏమిటని. నిరుడు పక్క గదిలోంచి బాసిల్ నాకు ఫోన్‌లో సందేశం పంపాడు: "బాబా, టీ పెడతావా?" ఇంట్లో ఉంటే నోటితో అడిగేవాడు. ఇంత దూరం వస్తే గానీ ఉత్తరాలు రాసుకునే అలవాటు తిరిగి రాలేదు.

అన్నిటికన్నా పెద్ద లాభం కారుకు. మా ఊరి సంగతి తెలిసిందే కదా, ఏడాది చివరి రాత్రి పన్నెండు కొట్టగానే పగిలినవీ పాతవీ బాల్కనీలోంచి వీధిలోకి విసిరేస్తారు. పాడు ఏడాది వాటితోపాటు పోవాలని. ఆ రాత్రి బుద్ధున్నవాడెవడూ వీధిలో నడవడు, బాల్కనీ కింద కారు ఆపడు. నేను సొఖ్నాలో ఉంటే నా ముసలి ఎర్ర కారు కూడా సొఖ్నాలో క్షేమంగా ఉంటుంది.

అయితే అంచు విరిగిన ప్లేటును మామూలు రోజున చెత్తలో పడేయడానికి నాకు చేతులు రావు. మా నాన్న ఉన్నప్పుడు ఏడాది పొడుగునా అలాంటివి దాచి, ఆ రాత్రి మనిషికొకటి పంచేవాడు. మా అమ్మాయి నిహాల్ ఆరేళ్ళప్పుడు కళ్ళు గట్టిగా మూసుకుని విసిరి, "పడిందా తాతా? పడిందా?" అని గంతులేసింది. ఇప్పటికీ దాస్తూనే ఉన్నాను. నాలుగేళ్ళ సరుకు మంచం కింద ఒక అట్టపెట్టె నిండా పేరుకుపోయింది.

ఆ నిహాల్‌కు ఏప్రిల్‌లో పెళ్ళి. ఆ తరవాత తాంతాలో కాపురం. అంటే ఈ ముప్ఫై ఒకటి మా ఇంటి పిల్లగా దానికి ఆఖరిది. ఒక్కసారి, అందరం ఆ బాల్కనీలో నిలబడితే బాగుండునని నాకు ప్రాణం కొట్టుకుంది. ఇంట్లో ఎవరితోనైనా అన్నానా? అనలేదు. నేను తండ్రిని, సూట్‌కేసులు మోయడం నా శాఖ. కోరికలు వేరే శాఖ.

అందుకే ఈసారి కాపలాదారు సాబిర్‌ను పిలిచి తాళం చెవి ఇచ్చాను. "బాబాయ్, తలుపు దగ్గర తాడు కట్టిన పెట్టె ఉంది. రాత్రి పన్నెండుకు మా బాల్కనీలోంచి మా తరఫున నువ్వే విసిరెయ్. వంటింటి దగ్గరున్న పెట్టె కారులో పెట్టు. అందులో భోజనం ఉంది, జాగ్రత్త."

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండి ఉస్తాజ్! వీధంతా దద్దరిల్లేలా విసురుతా," అన్నాడు సాబిర్.

రెండూ ఒకేలాంటి అరటిపళ్ళ పెట్టెలు. రెండింటికీ ఒకే తాడు. మీరు నవ్వుతున్నారు. మాకు ఆ నవ్వు రావడానికి ఐదు గంటలు పట్టింది.

మధ్యాహ్నం సొఖ్నాలో, నేలమీది అంతస్తులో మా గది. అందరికీ కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. మా అత్తగారు ఖైరియా తెల్లవారుజామున లేచి బాతు కాల్చి, క్యాబేజీ ఆకుల్లో అన్నం కూరి పొట్లాలు చుట్టి పెట్టారు. దౌలత్ తాడు కోసి పెట్టె మూత తీసింది. పైన చెవి విరిగిన టీ కప్పు. దాని కింద బీటలు వారిన ప్లేట్లు. అన్నిటికీ అడుగున మా పెళ్ళినాటి పెద్ద సూప్ గిన్నె.

"నా బాతేదే?" అన్నారు అత్తగారు.

దౌలత్ సాబిర్‌కు ఫోన్ చేసింది. "సాబిర్! ఇంట్లో ఒక పెట్టె మిగిలింది చూడు..."

"మర్చిపోలేదమ్మగారూ! ఇప్పుడే బాల్కనీలోకి చేర్చాను. ఏం పాత సామానో గానీ, వాసన మాత్రం అదిరిపోతోంది. పన్నెండు కొట్టనివ్వండి, ఒక్క ముక్క మిగల్చను!"

"విసరకు!" ఐదుగురం ఒక్క గొంతుతో అరిచాం. నాలుగేళ్ళ విహారయాత్రల్లో మా కుటుంబం ఒక్క మాట మీదికి రావడం అదే మొదటిసారి.

దౌలత్ తేరుకుని, "సరే, ఇక్కడే ఏదో తిందాం," అంది. అత్తగారు అప్పటికే చెప్పులు తొడుక్కున్నారు.

"నేను నాలుగింటికి లేచి కాల్చిన బాతు అక్కడ, నేనిక్కడ ఎవడో వండిన చప్పిడి చేప తినాలా? కుదరదు. శౌకీ నాయనా, బండి తియ్యి."

ఇరవై ఆరేళ్ళలో ఆవిడ నన్ను నాయనా అనడం నేను వినలేదు. ఆవిడ మీద ఇంతకాలం నేను విసిరిన జోకులన్నీ ఆ క్షణమే వెనక్కి తీసుకుంటున్నాను.

దౌలత్ మాత్రం షరతు పెట్టింది. "వెళదాం, తిందాం. పొద్దున ఆరింటికల్లా మళ్ళీ బయల్దేరాలి. ఇంకా ఆరు రోజులున్నాయి, అవి మురగడానికి వీల్లేదు."

"అలాగే," అన్నాను. నేనెప్పుడైనా కాదన్నానా?

ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది దాటింది. బాతు వేడి చేసుకుని వేళ్ళు నాకుతూ తిన్నాం, సాబిర్‌కూ ఒక కాలు దక్కింది. ఇంకో పెట్టెను బాల్కనీలోకి లాగాం. నిహాల్ ఒక్కో ప్లేటూ తీసి చూస్తూ, "ఇది బాసిల్ బంతి తగిలి పగిలింది కదూ? ఇది నా నిశ్చితార్థం రోజున అమ్మమ్మ చేతిలోంచి జారింది," అంటోంది. బాసిల్ ఫోన్ వంటింట్లో ఎక్కడో మోగుతుంటే వాడు వినిపించుకోలేదు. నేను ఆ ప్లేట్లను తుడిచి వరుసగా పేర్చాను.

"కారు తీశావా కింద నుంచి?" అంది దౌలత్.

"తీస్తాను," అన్నాను.

పన్నెండయింది. రేవులో ఓడలన్నీ కలిసి కూత పెట్టాయి. వీధి రెండువైపులా బాల్కనీల నుంచి భళ్ళు భళ్ళున పడుతున్నాయి. అత్తగారు చెవి విరిగిన కప్పు విసిరి, "పోవే పాడు ఏడాదీ, మళ్ళీ రాకు!" అని తిట్టారు. బాసిల్ విసిరాడు. నిహాల్ ఒకటి విసిరింది, ఇంకొకటి విసిరింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు. చివరికి సూప్ గిన్నె మిగిలింది. రెండు చేతులా ఎత్తి నేను విసిరాను.

అది సరిగ్గా నా కారు ముందు అద్దం మీద పడింది.

"నీ కళ్ళకేమొచ్చింది శౌకీ?" అని దౌలత్ నెత్తి కొట్టుకుంది. చీకట్లో కనిపించలేదన్నాను. పొరపాటన్నాను. కొంచెం ఏడుపు మొహం కూడా పెట్టాను.

మర్నాడు మెకానిక్ చూసి, ఇంత పాత బండికి అద్దం కైరో నుంచి రావాలి, వారం పడుతుందన్నాడు. ఆ వారం సొఖ్నాలో మురిగిపోయింది. ఇబ్రహీమియాలో మేం ఆరు రోజులూ ఇంట్లోనే ఉన్నాం. కొత్త ఏడాది గాలివాన ఊరిని ఊపేస్తుంటే, ఒకే దుప్పటి కింద కాళ్ళు పెట్టుకుని కమలాలు ఒలుచుకున్నాం. పాచికలాటలో అత్తగారు తొండి చేసి బాసిల్‌ను ఏడుసార్లు ఓడించారు. మూడో రోజున దౌలత్ తనంతట తానే, "ఎర్ర సముద్రంలో ఇంత పెద్ద అలలు రావు సుమా," అంది.

పాఠకులు పరువైనవాళ్ళు, ఎవరికీ చెప్పరని నమ్మి ఒక మాట చెబుతున్నాను. ఆ రాత్రి వీధిదీపం సరిగ్గా నా కారు మీదే వెలుగుతోంది. నా కళ్ళకేమీ రాలేదు.

ఈ మాట నాకొక్కడికే తెలుసనుకున్నాను. ఆరో రోజు సాయంత్రం నేను బాల్కనీలో పెట్టెలోంచి రాలిన పింగాణీ పెంకులు ఊడుస్తుంటే నిహాల్ పక్కకొచ్చి నిలబడింది. కింద కారు వంక చూసి, లోపల అమ్మకు వినబడకుండా నా చెవిలో చెప్పింది.

"నేను రెండు ప్లేట్లు విసిరినా తగల్లేదు బాబా."

నేను చీపురు పక్కన పెట్టాను. అది నా భుజం మీద తల ఆనించింది.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, కుటుంబంతో తప్పకుండా విహారయాత్రలకు వెళ్ళండి. వెళ్ళే ముందు రోజు రాత్రి మాత్రం కారు బాల్కనీ కిందే ఆపండి.