హిమజ ఈతబట్టపై మర్యాదా సంఘం తీర్మానం

తీరప్రాంతంలో ఆడపిల్లలకు స్వేచ్ఛ లేదన్న అపవాదును ఉద్దానంలోని ఓ ఊరు తీవ్రంగా ఖండిస్తోంది. ఈతబట్ట కుట్టుకున్న అమ్మాయిని అక్కడ ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. సంఘం మాత్రం వేశారు.

హిమజ కొబ్బరి రైతు కూతురు. తీరంలో గజ ఈతగాళ్ల ఉద్యోగాలు పడ్డాయి, ఆదివారం ఎంపిక. వదులు బట్టలతో నీళ్లలోకి దిగనివ్వరు. పలాసలో కొన్న ఈతబట్ట చూస్తే మొదటి కెరటానికే పైభాగాన్ని సముద్రుడికి అప్పగించేసింది. నిండైన ఛాతీ ఉన్న పిల్ల కూడా ఈదుతుందని కుట్టినవాళ్లకు ఎవరూ చెప్పలేదు కాబోలు. అందుకని మేనత్త సూరమ్మ మిషను ముందు కూర్చుంది. సాగే బట్టకు లోపల రెండో పొర వేసి, మధ్యలో కప్పులు పెట్టి, వాటి కింద రెండు వేళ్ల వెడల్పు ఎలాస్టిక్ బిగించి కుట్టింది. హిమజ గెంతింది, వంగింది, చేతులు తిప్పింది. ఏదీ కదల్లేదు. పిల్లకు ప్రాణం లేచొచ్చింది.

ఆరేసిన తీగ మీద దాన్ని ముందుగా చూసినవారు మాజీ సర్పంచి తారకేశ్వరరావు. సాయంత్రానికల్లా పదకొండు మంది మగవాళ్లతో మర్యాదా సంఘం ఏర్పాటు చేశారు. సభ్యులంతా గోచీతో ఈత నేర్చినవాళ్లే కనుక వారి అర్హత ప్రశ్నించరానిది. వస్తువును స్వాధీనం చేసుకుని, ఒకరి తరువాత ఒకరు, నిష్పక్షపాతంగా మూడు రోజులు పరిశీలించారు. కొందరు పునఃపరిశీలన కోరారు.

శుక్రవారం దాకా ఓపిక పట్టి, ఇక ఉద్యోగం పోయినట్టేనన్న దిగులుతో హిమజ అత్తను వెంటబెట్టుకుని సభకు వెళ్లింది.

“ఈ కప్పుల ఆవశ్యకత ఏమిటో మహిళలు వివరించాలి,” అన్నారు అధ్యక్షులు తారకేశ్వరరావు.

“ఇయేటి కొత్తవా బాబూ?” అంది సూరమ్మ. “మీ ఇంట్లో పెళ్లికి కుట్టిన తొమ్మిది జాకెట్లకీ ఇయ్యే ఎట్టినాను. అప్పుడు మీటింగు ఎట్టనేదేటి?”

ఈ మాటలను రికార్డుల నుంచి తొలగించి, పొడుగు చేతులు, పాదాల దాకా కుచ్చిళ్లు, కుట్టేసిన చున్నీ ఉండాలన్న షరతులతో సంఘం అనుమతి మంజూరు చేసింది. ట్రయల్ చూడకుండా బట్ట ఇచ్చే అలవాటు సూరమ్మకు లేదు. మర్నాడే షరతుల ప్రకారం ఒకటి కుట్టి, ఎండు కొబ్బరికాయలు కుక్కిన గోనెబొమ్మకు తొడిగి, సంఘం ఎదుటే కెరటాల్లోకి వదిలింది. పుట్టి బుద్ధెరిగి మునగని కొబ్బరికాయలు మునిగిపోయాయి. మర్యాద మాత్రం తేలింది. లోపం సముద్రానిదని సభ్యులు తీర్మానం రాసుకుంటుండగా హిమజ తన బట్ట తాను తీసుకుని ఇంటికి నడిచింది. ఆదివారం ఎంపికైంది.

కార్తీక పౌర్ణమి నాడు పుణ్యస్నానానికి దిగిన తారకేశ్వరరావును కెరటం లాక్కుపోయింది. పంచెను, గోచీని అంతకుముందే పట్టుకుపోయింది. మునుగుతూ ఆయన రెండు చేతులా పట్టుకున్నది, డ్యూటీలో ఉండి ఈదుకొచ్చిన హిమజ ఈతబట్ట భుజపట్టీని. అది తెగలేదు, ఆమె ఒంటి మీంచి జరగలేదు. ఆయన్ని ఒడ్డుకు చేర్చేసరికి హిమజకు ఊపిరి అందడం లేదు.

“ముందు తువ్వాలు తెండర్రా,” అంది రొప్పుతూ.

నలుగురు పరుగున తెచ్చారు. నాలుగూ ఆమెకే కప్పారు.

ఒడ్డున ఎవరో తీసిన వీడియోను జిల్లా అంతా చూసింది. ఆ పిల్ల ఒంటి మీద అదేం బట్టని వేలమంది నిలదీశారు. ఆయన ఒంటి మీద అసలేమీ లేదన్న సంగతి ఇంతవరకూ ఎవరి దృష్టికీ రాలేదు.