ముప్పై నాలుగో స్తంభానికి ఎర్త్

లైన్‌మన్ గొర్లె అప్పలసూరిని ముప్పై నాలుగో నంబరు కరెంటు స్తంభానికి లైట్నింగ్ అరెస్టర్‌గా నియమిస్తూ ఉత్తర్వు వచ్చిన రోజున సెక్షన్ ఆఫీసులో అందరికీ జిలేబీలు పంచారు. అసలు అరెస్టర్ల కోసం పెట్టిన ఇండెంటు ఆరేళ్లుగా స్టోర్సులో నిద్రపోతోంది. లైన్‌మన్లకేమో స్తంభం ఎక్కడం ఎలాగూ వచ్చు. మబ్బు పట్టగానే పైకెక్కి, తీగ మీద పడిన పిడుగును ట్రాన్స్‌ఫార్మర్ దాకా పోనివ్వకుండా తన ఒంట్లోకి తీసుకుని, భూమిలోకి దింపెయ్యాలి. అంతే పని.

దింపడానికి ఎర్త్ ఉండాలి కదా! మామూలుగా అయితే స్తంభం పక్కన గుంత తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, నీళ్లు పోస్తారు. అరెస్టర్ మనిషైతే గుంతలోనూ మనిషే ఉండాలని నిబంధన. మొదట్లో ఆఫీసు వాచ్‌మన్‌ను నిలబెట్టి చూశారు. పిడుగు అతని దగ్గరికి దిగనే లేదు. సూరి పెళ్లాన్ని నిలబెడితే మాత్రం చక్కగా దిగిపోయింది. మగాడి నెత్తిన పడిందల్లా ఆఖరికి ఎటు పోతుందో పిడుగుకీ తెలుసునని ఏఈ భుజంగరావు గారు రిపోర్టులో రాశారు.

సూరి భార్య పైడితల్లి చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, మోకాలి లోతు ఉప్పునీళ్లలో నిలబడేది. పిడుగు పడినప్పుడల్లా సూరికి వెంట్రుక కూడా కాలేది కాదు. ఆమెకు మాత్రం ఏదో ఒకటి పోయేది. జూన్‌లో ఎడమ చెవి పోయింది. జూలైలో నాలిక్కి ఉప్పు తెలియడం మానేసింది. ఆగస్టులో పడిన రెండింటికి చెల్లెళ్ల పేర్లూ, పుట్టిన ఊరూ మరిచిపోయింది. మరిచిపోవడానికి ఇక తానొక్కడే మిగిలాడని సూరికి తెలిసింది. వెళ్లి ఏఈ గారి కాళ్ల మీద పడ్డాడు.

"నన్ను మార్చీండి బాబూ. నాకీ పని వద్దు."

"నిన్ను మారిస్తే ఆవిడ ఎవరికి ఎర్తవుతాదిరా?" ఏఈ గారు రిజిస్టరు తిప్పి చూపించారు. "ఈ రీడింగు సూడు. జిల్లా మొత్తమ్మీద ఇంత మంచి ఎర్త్ లేదు. దేవత్రా ఆవిడ!"

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం, ఏఈ గారు తనిఖీకి వచ్చి ఉండగానే, పెద్ద పిడుగు పడింది. సూరి దాన్ని కిందికి వదల్లేదు. పళ్లు బిగించి ఒంట్లోనే పట్టుకున్నాడు. ఊళ్లో బల్బులు రెపరెపలాడాయి. ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంది. "డిపార్టుమెంటు పిడుగురా అది! దాచుకుంటే మెమో ఇస్తాను," అని ఏఈ గారు జీపులోంచి అరిచారు. సూరి చొక్కాలోంచి పొగ లేచింది.

పైడితల్లి తలెత్తి చూసింది.

"వదిలీ మావా," అంది. "నాకలవాటైపోనాది."

సూరి ఏడుస్తూ వదిలేశాడు.

ఊళ్లో ఒక్క ఫ్యాను కూడా ఆగలేదు. అతను దిగి వచ్చేసరికి ఆమె ఇంకా గుంతలోనే ఉంది. పరాయి మగాణ్ని చూసినట్టు కొంగు తల మీదికి లాక్కుని, మర్యాదగా అడిగింది.

"ఎవులు బాబూ మీరు?"

సూరి ఆకాశం వైపు చూశాడు. పడమటి వైపు ఇంకో మబ్బు లేస్తోంది.

"కరెంటాఫీసు మనిసినమ్మా," అన్నాడు.

ఆమె సరేనని తలూపి, కాళ్లు కాస్త ఎడంగా పెట్టుకుని, నీళ్లలో కుదురుగా నిలబడింది. సూరి స్తంభం ఎక్కాడు.