గుంబరాక్స్‌కు ఉన్న గుర్తింపు

లోకంలో లేని జంతువుల వివరాలు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రాం ఈ దేశానికి అత్యవసరం! నవ్వకండి. అశోక్‌నగర్ సరిత సంగతి విన్నాక మీరే ఒప్పుకుంటారు.

సరిత సర్కారు కొలువు కోసం గ్రూప్ పరీక్ష పాసైంది. తీరా సర్టిఫికెట్ల పరిశీలనలో ఫైలు ఆగిపోయింది. కారణం? డిగ్రీ పట్టాలో లేని 'హెచ్' ఒకటి, పదో తరగతి మెమోలో ఇంగ్లిష్‌లో రాసిన ఆమె పేరు మధ్యకొచ్చి కూర్చుంది.

"హెచ్ ఉన్న సరిత వేరు, లేని సరిత వేరు. నువ్వెవరమ్మా?" అన్నారు గుమాస్తా ఉమాకాంత్ గారు.

"ఇద్దరం నేనే సార్!"

"ఇద్దరైతే ఒక్క పోస్టు ఎట్లిస్తం?"

ఎంత సూక్ష్మబుద్ధి!

పదకొండోసారి ఉత్తచేతులతో తిరిగొచ్చిన సరిత, చిక్కడపల్లి లైబ్రరీలో స్నేహితుడు శ్రీనాథ్ పక్కన కూలబడింది. అతనూ అవే పరీక్షలకు చదువుతున్నాడు. అంటే, పుస్తకం మూసి, ల్యాప్‌టాప్ తెరిచి, వీడియో గేముల్లోని జంతువులకు నిఘంటువు తయారుచేస్తున్నాడు. బొమ్మల్లేవు, బటన్లు లేవు. నల్ల తెర మీద పేరు టైపు చేసి ఎంటర్ కొడితే చాలు, ఆ ప్రాణి జాతి, నివాసం, బలం, బలహీనత వరసగా వచ్చేస్తాయి.

"ఒక పేరు కొట్టు, మనసు తేలికైతది" అన్నాడు.

ఏదో గేములోని గుంబరాక్స్ అనే మూడు తోకల మొసలి పేరు కోపంగా కొట్టింది సరిత. రెండక్షరాలు తప్పు పడ్డాయి. తెర విసుక్కుందా? లేదు! 'మీరడిగింది గుంబరాక్స్ గురించేనా?' అని మర్యాదగా అడిగి, మొసలి జాతకమంతా విప్పింది.

సరిత కళ్లు చెమ్మగిల్లాయి. "పుట్టని మొసలిని గుర్తువట్టింది. పుట్టిన నన్ను ఎవ్వరు గుర్తువడ్తలేరు!"

శ్రీనాథ్ టకటకా ఒక కొత్త ప్రాణిని చేర్చాడు. సరిత తన పేరు హెచ్‌తో కొట్టింది, లేకుండా కొట్టింది. రెండుసార్లూ ఒకటే జవాబు: 'సరిత. హెచ్ ఉన్నా లేకున్నా ఒకే ప్రాణి. జాతి: భూచరం. నివాసం: అశోక్‌నగర్ హాస్టల్, మూడో అంతస్తు. బలం: ఓపిక. బలహీనత: మిర్చి బజ్జి.'

ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఠక్కున ఆగి, "దీన్ని ప్రింట్ తీద్దాం పా!" అంది.

నారాయణగూడ జిరాక్స్ షాపులో తీసిన ఆ కాగితాన్ని మర్నాడు ఉమాకాంత్ గారి బల్ల మీద పెట్టింది. ఆయన కళ్లజోడు సవరించుకున్నారు. కంప్యూటర్ కాగితం! నిలువు గీతలు, అడ్డ గీతలు!

"ఇన్ని దినాలు గిది తేకుండ మమ్ముల పరేషాన్ జేసినవేందమ్మా? ఒకే ప్రాణి అని సాఫ్ రాసుంది కద!" అని ధడేల్మని స్టాంపు గుద్దారు. "ఆ బజ్జీలు జర తగ్గించు, ఒంటికి మంచిగ గాదు."

వారంలో ఉద్యోగం ఆర్డరు వచ్చింది. ప్రభుత్వ రికార్డుల్లో సరిత ఇప్పటికీ భూచరమే. అయితేనేం?

ఇప్పుడు శ్రీనాథ్ గది ముందు పెద్ద క్యూ. అందరికంటే ముందు నర్సింహమ్మ. పింఛను కాగితాల్లో ఆమె 'నర్సింహ' అనే మగమనిషి.

"తమ్మీ, నన్ను గూడ జర జంతువులల్ల కలుపు" అంటోంది. "మనిషిగ ఉంటె పని అయితలేదు!"