ఎడ్వర్డ్ బూట్లు

శుక్రవారం పొద్దున్నే సోమరాజు తన గదిలో ఉండే ఎడ్వర్డ్‌ను బూట్లు ఎరువడిగాడు. జుఫైర్ పేటలో ఒక అరబ్బు వ్యాపారి ప్రాచీన గ్రీకు, రోమను శిల్పాలతో మ్యూజియం కట్టించాడు. ఆ రోజే ప్రారంభం. కాపలాదారు కావాలి, వచ్చి కనబడమని మేనేజరు కబురు పెట్టాడు. కువైట్ యుద్ధం తర్వాత పనులు లేక సోమరాజు కంపెనీ మూతపడింది. ఈ ఉద్యోగం రాకపోతే మూట సర్దుకుని రాజోలు పోవడమే.

"చెప్పులతో ఎల్తే గేటు కూడా దాటనివ్వర్రా," అన్నాడు సోమరాజు.

"ఇత్తాను గానీ, సాయంత్రం ప్రార్థన కూడికలో నేను సాక్ష్యం చెప్పాలి. పొద్దుగూకేసరికి నా బూట్లు నా కాళ్లకుండాలి మరి," అన్నాడు ఎడ్వర్డ్.

ఎడమ బూటు నోరు తెరిస్తే ఎడ్వర్డ్ దాన్ని తెల్ల దారంతో కుట్టుకున్నాడు. ఏనాడూ పాలిష్ పెట్టిన పాపాన పోలేదు. ఇప్పుడు మాత్రం గుమ్మందాకా వచ్చి వాటికేసే చూస్తూ నిలబడ్డాడు. దగ్గరున్నంతకాలం మనిషి దేన్నీ సరిగ్గా చూడడు. పెళ్లాం సంగతీ అంతే, ఆవిడ పోయాక గాని విలువ తెలియదు.

మ్యూజియంలో బొమ్మలు చాలావరకు దిసమొలతో ఉన్నాయి. కుటుంబాలతో వచ్చేవాళ్లు ఏమంటారోనని మేనేజరు ముందురోజే ఒక్కొక్క నడుముకూ పసుపు పట్టుగుడ్డ చుట్టించాడు. అతిథి మర్యాదకని నిప్పుల మీద బఖూర్ వేయించాడు. గది నిండా సుగంధపు పొగ.

సోమరాజు గుమ్మంలో నిలబడి చూశాడు. ఎదురుగా రాతి అమ్మవారు. రెండు చేతులూ విరిగిపోయాయి గాని, పసుపు గుడ్డ ఉంది, ముందు దీపం ఉంది, ధూపం ఉంది. ఇంకేం కావాలి? బూట్లు బయట విడిచి, దణ్ణం పెట్టుకుంటూ లోపలికి వెళ్లాడు.

జనం పల్చగా కనబడకూడదని యజమాని క్యాంపు నుంచి బస్సులో తెప్పించిన కూలీలు వెనకే దిగారు. గుమ్మంలో ఒక జత కనబడగానే వాళ్లూ విడిచారు. ముందువాడు ఎందుకు చేశాడన్న ప్రశ్న మనవాళ్లకు పుట్టదు. ఆ కుప్ప చూసి ఊరి పెద్దలు మసీదు గుమ్మంలో విడిచినట్టే విడిచారు. యజమానికీ తప్పలేదు. ఆయన మేజోడు చిరుగులోంచి బొటనవేలు బయటికి వచ్చింది. చివరికి ముఖ్య అతిథిగా వచ్చిన తెల్ల దొరసాని కూడా ఎత్తుమడమల జోడు విప్పి కుప్పలో పెట్టింది.

మేనేజరుకు చెమటలు పట్టాయి. తనూ బూట్లు విప్పి లోపలికి పరుగెత్తి, దీన్ని మొదలెట్టింది ఎవడని అడిగాడు. కూలీలందరూ ఒకేసారి సోమరాజును చూపించారు. పరాయి దేశంలో మనవాళ్ల ఐకమత్యం ఇలాంటప్పుడే బయటపడుతుంది.

"ఇది గుడి అనుకున్నావా?" అని హిందీలో పళ్లు నూరాడు మేనేజరు.

"గుడ్డలు కట్టించింది తమరే కదండీ," అన్నాడు సోమరాజు వచ్చీరాని హిందీలో.

"నీ ఉద్యోగం ఖలాస్. అందరూ వెళ్లేదాకా నా కళ్లకు కనబడకు."

సోమరాజు వెళ్లి తల లేని చక్రవర్తి వెనక నిలబడ్డాడు. ఇద్దరికీ పదవి పోయింది.

దొరసాని మైకు అందుకుంది. ఎన్నో దేశాల్లో ఇలాంటి శిల్పాలు చూశానని, వాటి ముందు చెప్పులు విడిచే మర్యాద మాత్రం ఇక్కడే చూశానని చెప్పి కళ్లు తుడుచుకుంది. యజమాని బొటనవేలు ముడుచుకుని, ఈ ఏర్పాటు ఎవరిదని అడిగాడు. మేనేజరు తడుముకోకుండా తనదేనన్నాడు. ఇకమీదట ఇదే నియమమని, చెప్పులకు ఒక కాపలావాడిని వెయ్యమని యజమాని హుకుం చేశాడు.

బయట చెప్పులన్నీ కలిసిపోయాయి. దొరికినవి తొడుక్కుని జనం వెళ్లిపోయారు. మేనేజరు బూట్లు కూడా ఎవరి కాళ్లకో ఎక్కి వెళ్లిపోయాయి. దొరసాని కారు కదలబోతోంది. అతడు మిగిలిన ఒక్క జతలో కాళ్లు దూర్చి వీడ్కోలుకు పరుగెత్తాడు. అవి అచ్చంగా అతడికే కుట్టినట్టున్నాయి.

తిరిగివచ్చి సోమరాజును పిలిచాడు. "రేపటినుంచి డ్యూటీకి రా. నీ వీసాకు పూచీపడే కఫీల్ ఇక మా యజమానే. చెప్పులు చూసుకోవాలి. ఒక్క జత పోయినా ఊరుకోను. ఏమైనా అడగాలా?"

సోమరాజు తల వంచాడు. మేనేజరు ఎడమ బూటు మీద తెల్ల దారం కుట్టు కనబడింది.

"ఏమీ లేదండీ," అన్నాడు.

ఆ సాయంత్రం ఎడ్వర్డ్ బాత్రూం చెప్పులతో నిలబడి క్షమాగుణం మీద సాక్ష్యం చెప్పాడు. గదికి వచ్చి సోమరాజుతో మాట్లాడలేదు.

మర్నాటి నుంచి మేనేజరు రోజూ గుమ్మంలో విడిచే ఎడ్వర్డ్ బూట్లకు సోమరాజు అతి నమ్మకంగా కాపలా కాశాడు.