నాలుగు క్యామ్‌షాఫ్టుల బల్ల

మా వంటింట్లో బల్ల మీంచి ఉప్పు డబ్బా మళ్లీ జారి పడింది.

"నీకు బల్ల పెట్టుడే రాదు," అన్నారు మావారు వెంకట్రాం.

"బల్ల మంచిగనే ఉన్నది. నేలనే వంకర," అన్నాను.

అంతే! నేల పక్షాన మా అత్త బుచ్చమ్మ లేచింది. "నేలనేమంటవే? నలభై ఏండ్ల సంది నేను ఊడ్సిన నేల. గోలీ పెడితె కదలదు!"

పాఠకులారా, జానెడెత్తు కూడా లేని ఆ బల్లకు కాళ్లు మా మోటార్‌సైకిల్ ఇంజన్లోంచి వచ్చిన నాలుగు పాత క్యామ్‌షాఫ్టులు. ఇంజన్లో వాల్వులను తెరిచి మూసే చిన్న ఇనుప కడ్డీ అది. రెండు కొసలకూ బేరింగులుంటాయి కాబట్టి నిలబెడితే బుద్ధిగా నిలబడుతుంది. ఆరు నెలలకొకటి చొప్పున రెండేళ్లలో నాలుగు పోగయ్యాయి. అందరూ దీన్ని పీడ అంటారు. నేనంటాను, క్యామ్ అరగని ఇల్లు ఒక ఇల్లే కాదు!

ఎందుకంటారా? కొత్తది వేసిన నెలకే టకటక మోత మొదలవుతుంది. బండి కేసముద్రం మార్కెట్ యార్డు దగ్గర ఉండగానే ఆయన వస్తున్నారని మా వీధికి కబురందుతుంది. నేను పప్పుకు పోపు పెడతాను. మా అమ్మాయి భవ్య ఫోను దాచి పుస్తకం తెరుస్తుంది. ఏ యాప్ ఇంత కచ్చితంగా చెబుతుంది?

పైగా మగవాళ్లకు పరీక్షగా చూడడం అలవాటవుతుంది! పుచ్చు వంకాయలు తెచ్చే ఈ మనిషి కొత్త క్యామ్ కొనేటప్పుడు చూడాలి. దాని బేరింగును వేలితో తిప్పుతారు. చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటారు. ఒరిజినలా, డూప్లికేటా అని మహబూబాబాద్‌లో మూడు దుకాణాలు తిరుగుతారు. పెళ్లిచూపుల్లో నన్ను పావుగంట కూడా చూడలేదు!

అంత ఏరి తెచ్చినదాన్ని మెకానిక్ రాజలింగం చేతిలో పెట్టి, చాయ్ తాగడానికి వెళ్తారు. తిరిగొచ్చేసరికి రాజలింగం పాత క్యామ్‌ను కాగితంలో చుట్టి ఇస్తాడు.

"నిజంగ మార్చిండా?" అని నేనోసారి అడిగాను.

"పాతది చేతిల పెట్టిండు. ఇంకేం సాక్ష్యం కావాలె? ఇంజన్ సంగతి నీకేం ఎర్క?"

నాకేం ఎరుక! ఉత్త బీయెడ్డు చదివినదాన్ని. జూన్‌లో టెట్ రాయడానికి ఆ బండి మీదే జనగామ బయలుదేరాం. వర్ధన్నపేట దాటగానే ఆగిపోయింది. మేం చేరేసరికి గేటు మూసి పావుగంటయింది. అదీ మన మంచికే! రాసుంటే పాసయ్యేదాన్ని. పాసైతే ఏదో బడిలో ఉద్యోగం వచ్చేది. అప్పుడీ ఇంట్లో నాలుగు గంటల చాయ్ గతేం కావాలి?

మళ్లీ పరీక్ష ఈ ఆదివారమే. రైల్లో వెళ్తానంటే మావారు నొచ్చుకున్నారు. "మొన్ననే కొత్త క్యామ్ ఏయించిన. రాజలింగం గ్యారంటీ ఇచ్చిండు."

నా మాటకు గ్యారంటీ కార్డు లేదు కదా! అందుకని చిందిన ఉప్పు ఎత్తి, బల్ల విప్పి, భవ్య స్కేలు తెచ్చి కొలిచాను. ఒకే బండిలోంచి దిగిన నాలుగు క్యామ్‌షాఫ్టులు. నాలుగు పొడవులు!

అంటే తక్కువలో తక్కువ మూడు ఏ ఊరి బండివో. మావారు చెవి దగ్గర పెట్టుకుని ఏరిన కొత్తవి ఎవరి ఇంజన్లలో హాయిగా తిరుగుతున్నాయో. మా ఇంజన్లో మాత్రం, జనగామ దారిలో నన్ను దింపిన పాతదే ఇంకా టకటకమంటోంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నాలుగింటినీ మావారి పళ్లెం ముందు పొట్టిదాని నుంచి పొడుగుదాని దాకా వరసగా నిలబెట్టాను.

"అత్తమ్మా, నేల సక్కగనే ఉన్నది. తప్పు నాదే," అని ముందు ఒప్పుకున్నాను.

"నేను చెప్పలే?" అంది అత్త, పెరుగు కలుపుకుంటూ.

తర్వాత మావారి వైపు తిరిగాను. "ఆదివారం నేను పొద్దుగాల రైలుకు పోతున్న. మీరు గీ నాలుగు సంచిల ఏసుకొని రాజలింగం దగ్గరికి పోండ్రి. వీటిల మనది ఏదో జర అడుగుండ్రి."

మావారు నాలుగింటినీ చూశారు. స్కేలు వైపు చూశారు. ఎడమచేతి వేలితో ఒక బేరింగును మెల్లగా తిప్పారు. ఈసారి చెవి దగ్గర పెట్టుకోలేదు.

"రైలెన్నింటికి?" అన్నారు.